కొత్త కారుకు ఉచిత సర్వీసు: డీలరు దగ్గరా, తెలిసిన మెకానిక్ దగ్గరా?

ప్రశ్న: పదహారేళ్లు వాడిన పాత కారును అమ్మేసి, ఏడాది క్రితం కొత్త పెట్రోలు కారు కొన్నాను. మొదటి రెండేళ్ల సర్వీసులన్నీ ఉచితమని డీలరు చెప్పారు. మొదటి సర్వీసుకు వెళ్లినప్పుడు నిజంగానే ఏమీ తీసుకోలేదు. రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, ‘ఇంజన్ ఫ్లష్’, ఏసీ శుభ్రత అంటూ పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. అడిగితే, ‘సర్వీసు ఉచితమే సార్, ఆయిల్ ఉచితం కాదు’ అన్నారు. నా పాత కారును మొదటి నుంచీ చూసిన మెకానిక్ ఇప్పటికీ అందుబాటులోనే ఉన్నాడు. ఉచితం కోసం వెళ్లి జేబు ఖాళీ చేసుకోవడం ఎందుకు, అతని దగ్గరే చేయించమని మా బావగారు అంటున్నారు. బయట చేయిస్తే వారంటీ పోతుందని షోరూమ్ వారు అంటున్నారు. దీనికితోడు, ముందే డబ్బు కట్టి మరో మూడేళ్లకు సర్వీసు పథకంలో చేరమని ప్రతిసారీ అడుగుతున్నారు. నేను ఏం చేయాలి?

సమాధానం: ముందుగా నిర్ణయం చెప్పి, ఆ తరువాత కారణాలు చెబుతాను. మీకు ఇంకా మిగిలి ఉన్న ఉచిత సర్వీసులన్నింటినీ ఆ డీలరు దగ్గరే, పుస్తకంలో రాసిన గడువుకే చేయించుకోండి. అయితే ఇకపై అక్కడికి సర్వీసు పుస్తకం చదువుకొని వెళ్లండి. మీకు పడిన బిల్లులో కొంత భాగం ఎవరి దగ్గర చేయించినా తప్పనిది. మిగిలిన భాగం మీరు వద్దని చెప్పగలిగి ఉండీ చెప్పకపోవడం వల్ల వచ్చింది. మీ బావగారి కోపానికి కారణమైనది ఆ రెండో భాగం, అందులో ఆయన తప్పేమీ లేదు. దాన్ని ఆపడానికి డీలరును మానేయనక్కరలేదు.

‘ఉచిత సర్వీసు’ అనే మాటను కార్లు అమ్మేవారు ఒకే అర్థంలో వాడరు. కొన్ని కంపెనీలు పని చేసినందుకు తీసుకునే లేబర్ ఛార్జీని మాత్రమే వదులుకుంటాయి. ఆయిల్, ఫిల్టర్లు, కూలంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), ప్లగ్గుల వంటి వాటికి డబ్బు మనమే కట్టాలి. మీ కారుకు ఉన్నది ఈ రకమే అని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. మరికొన్ని కంపెనీలు ఫలానా కాలం లేదా ఫలానా దూరం వరకు, నిర్ణీత పట్టికలో ఉన్న పనులకు ఆయిల్‌తో సహా మొత్తం ఖర్చును భరిస్తాయి. ఈ రెండూ కాక, డీలరు తన సొంతంగా ఇచ్చే పథకం ఒకటి ఉంటుంది; దానికి కారు తయారు చేసిన కంపెనీతో సంబంధం ఉండదు, అదే కంపెనీకి చెందిన వేరే డీలరు దగ్గరకు వెళ్తే అది చెల్లదు, ఆ డీలరు వ్యాపారం మూసేస్తే పథకమూ దానితోనే పోతుంది. మీ పుస్తకంలోనో, కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లోనో హామీ ఎవరి పేరు మీద ఉందో, ‘చేర్చనివి’ అనే శీర్షిక కింద ఏమేమి ఉన్నాయో చూస్తే మీది ఏ రకమో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. అమ్మేటప్పుడు నోటితో చెప్పిన మాటకు సర్వీసు కౌంటరు దగ్గర విలువ ఉండదు.

మొదటి సర్వీసుకు డబ్బు తీసుకోకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. చాలా కంపెనీల పట్టికలో సుమారు 1,000 కిలోమీటర్లకో, నెలకో వచ్చే మొదటి సర్వీసు ప్రధానంగా తనిఖీ మాత్రమే. బోల్టులు, గొట్టాలు, ద్రవాల మట్టం, టైర్ల గాలి చూసి పంపేస్తారు, ఆయిల్ మార్చరు. కాబట్టి బిల్లులో వేయడానికి అక్కడ ఏమీ ఉండదు. ఆ తరువాతి సర్వీసులో ఆయిల్ మార్చే పని వస్తుంది, ఉచితానికి ఉన్న హద్దు అప్పుడు బయటపడుతుంది. ముందే ఎవరైనా వివరంగా చెప్పి ఉంటే మీకు అంత కష్టం తోచేది కాదు.

ఈ పథకాల వెనుక ఉన్న లెక్క తెలిస్తే కౌంటరు దగ్గర జరిగే సంభాషణ సులభంగా అర్థమవుతుంది. కంపెనీ ఇచ్చే ఉచిత సర్వీసుకు డీలరు చేసిన పని డబ్బును కంపెనీయే తిరిగి చెల్లిస్తుంది, కానీ ముందే నిర్ణయించిన పని సమయానికి, నిర్ణయించిన రేటుకు మాత్రమే చెల్లిస్తుంది. అందువల్ల ఉచిత సర్వీసు మీద డీలరుకు పెద్దగా మిగలదు. మీరు వర్క్‌షాపులో అడుగు పెట్టడమే వారికి అసలు లాభం. కౌంటరు దగ్గర మనతో మాట్లాడే సర్వీస్ అడ్వైజరుకు, అమ్మిన పనుల మీద కమీషనో, నెలవారీ లక్ష్యమో ఉండడం ఈ రంగంలో మామూలు విషయం. ఆ మనిషి చెడ్డవాడని నేను అనడం లేదు. మీకు ఏది అవసరమో చెప్పే వ్యక్తి, దాన్ని అమ్మితే లాభపడే వ్యక్తి ఒకరే అయినప్పుడు, చెప్పేవాడికి వినేవాడు లోకువ అనే సామెత మన మీదే ఫలించకుండా మనం చూసుకోవాలి.

ఇక మీ బిల్లు సంగతి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ఏ మెకానిక్ దగ్గరైనా కొనవలసినవే. వీటి గురించి బాధపడకండి, కానీ లెక్క సరిచూసుకోండి. మీ కారు ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్ల ఆయిల్ పడుతుందో యజమాని పుస్తకం చివర ఉండే కొలతల పట్టికలో అచ్చువేసి ఉంటుంది. అక్కడ 3.5 లీటర్లు అని ఉండి, బిల్లులో 4 లీటర్లు అని ఉంటే, మిగిలిన అర లీటరు ఏమైందని అడిగే హక్కు మీకు ఉంది. ఆయిల్ రకం కూడా చూడండి. 0డబ్ల్యూ-20 వంటి గుర్తులో ‘డబ్ల్యూ’కు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులభంగా పారుతుందో చెబుతుంది, తరువాతి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో దాని చిక్కదనాన్ని సూచిస్తుంది. పలుచని ఆయిల్‌కు తగినట్టుగా తయారైన ఇంజన్‌లో ‘ఇంకా చిక్కనిది వేస్తే మంచిది’ అని ఎవరైనా అంటే, అది షోరూమ్ మనిషైనా, మీ పాత మెకానిక్ అయినా, పుస్తకంలో ఆ రకానికి అనుమతి లేనప్పుడు ఒప్పుకోకండి. పాత కార్ల అనుభవం కొత్త కార్లకు అన్వయించని విషయాల్లో ఇది మొదటిది.

ఇంజన్ ఫ్లష్ అంటే పాత ఆయిల్‌లో ఒక రసాయనం కలిపి, ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి, అంతా కలిపి బయటకు వదిలేయడం. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకుండా లోపల మడ్డి పట్టిన ఇంజన్‌కు దాని వల్ల ఉపయోగం ఉంటుందా లేదా అన్నది వేరే చర్చ. ఏడాది వయసున్న ఇంజన్‌లో కడగడానికి ఏమీ ఉండదు. లోపలి భాగాలను శుభ్రంగా ఉంచే రసాయనాలు ఇంజన్ ఆయిల్‌లోనే కలిపి ఉంటాయి. సకాలంలో ఆయిల్ మార్చడమే ఆ శుభ్రత. పైగా ఆ ద్రవం పూర్తిగా బయటకు పోదు, కొంత లోపల మిగిలి కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. పుస్తకంలోని నిర్వహణ పట్టికలో దాని పేరే లేనప్పుడు కొత్త కారుకు దాన్ని అమ్మడం నాకు సబబుగా తోచదు.

ఏసీ శుభ్రత విషయంలో అంత కచ్చితంగా కొట్టిపారేయను. ఏసీ వేయగానే ముక్కవాసన వస్తుంటే, లోపలి కాయిల్ మీద తేమ నిలిచి బూజు పట్టిందని అర్థం, అప్పుడు ఆ పని అవసరమే. వాసన లేకపోతే కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడడం చాలు. చాలా కార్లలో అది డ్యాష్‌బోర్డు పెట్టె వెనుక ఉంటుంది, ఏ పనిముట్టూ లేకుండా చేతితోనే మార్చుకోవచ్చు. ఇంజెక్టర్ల శుభ్రత, పెట్రోలులో కలిపే సీసాలు, ఇంజన్ పైభాగానికి పూసే మెరుపు వంటివి ఈ వయసు కారుకు అక్కరలేదు. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) మాత్రం గుంతలో గట్టిగా పడినప్పుడు, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నప్పుడు, టైరు ఒక అంచున ఎక్కువగా అరుగుతున్నప్పుడు తప్పక చేయించాలి.

వద్దని చెప్పడానికి గొడవ పడనక్కరలేదు. కారు అప్పగించే ముందు మీ చేత సంతకం చేయించుకునే జాబ్ కార్డులో ఏ పనులు రాశారో చదవండి. పుస్తకంలో లేని పని కనిపిస్తే, ‘ఇది పట్టికలో ఏ పేజీలో ఉంది?’ అని మర్యాదగా అడగండి. చూపలేకపోతే కొట్టేయమనండి. అడుగున ‘నా అనుమతి లేకుండా అదనపు పనులు చేయరాదు’ అని మీ చేతితోనే రాసి సంతకం చేయండి. సంతకం చేశాక వాదించే మనిషికి, సంతకానికి ముందు అడిగే మనిషికి అక్కడ దొరికే గౌరవంలో తేడా మీకే తెలుస్తుంది.

అయితే అన్నింటికీ వద్దనే అలవాటూ మంచిది కాదు. పెడల్ మీద పడిన ఒత్తిడిని చక్రాల బ్రేకులకు చేరవేసే ద్రవమైన బ్రేక్ ఫ్లూయిడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఉచిత సర్వీసులు అయిపోయే వేళకే దాన్ని మార్చే సమయం వస్తుంది, ఉచిత సర్వీసు కూపన్ లేని కారణంగా చాలామంది దాన్ని మరిచిపోతారు. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. పొడవైన దిగుడు రోడ్డు మీద బ్రేకులు కాలుతున్నప్పుడు ద్రవం మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కనుక పెడల్ నేలకు తగులుతుంది, కారు మాత్రం ఆగదు. అందువల్లే అనేక కంపెనీలు తిరిగిన దూరంతో నిమిత్తం లేకుండా సుమారు రెండేళ్లకోసారి దీన్ని మార్చమంటాయి. మీ పుస్తకంలో ఎంత గడువు రాసి ఉందో ఇప్పుడే చూసి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. (విద్యుత్ కార్లున్న పాఠకులకు ఇంజన్ ఆయిల్ గొడవ లేకపోయినా ఈ మాట, క్యాబిన్ ఫిల్టర్ మాట, టైర్ల మాట వర్తిస్తాయి.)

గడువు గురించి మరొక మాట. పుస్తకంలో 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు అని ఉంటే, రెంటిలో ఏది ముందు వస్తే అది అని అర్థం. ఏడాదిలో 4,000 కిలోమీటర్లే తిరిగిన కారు కూడా ఏడాదికి వెళ్లాల్సిందే. గడువు దాటిన కూపన్ మురిగిపోతుంది. దానికన్నా ముఖ్యంగా, సర్వీసు తప్పిందన్న మచ్చ రికార్డులో మిగిలిపోతుంది. తక్కువ తిరిగే కారుకు ఆయిల్ ఎందుకని మీరు అనుకోవచ్చు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. దహనంలో పుట్టిన నీటి ఆవిరి, కాలకుండా మిగిలిన కాస్త ఇంధనం ఆయిల్‌లో చేరి, ఆవిరైపోయే అవకాశం లేక అక్కడే ఉండిపోతాయి. చిన్న ప్రయాణాలు, ఆగుతూ సాగే రద్దీ, దుమ్ము రోడ్లు, బరువులు లాగడం వంటి వాడకాన్ని పుస్తకాలు ‘కఠిన పరిస్థితులు’గా లెక్కించి, దానికి వేరే పట్టిక ఇస్తాయి. ఉచిత పథకాలు సాధారణంగా మామూలు పట్టిక ప్రకారమే నడుస్తాయి. మీ వాడకం రెండో పట్టికలోకి వస్తే, మధ్యలో ఒక ఆయిల్ మార్పు మీ ఖర్చుతో చేయించడం కారుకు మేలు.

ఇంత జాగ్రత్త పడవలసి వస్తే ఆ డీలరు దగ్గరకు వెళ్లడమే ఎందుకని మీ బావగారు అడగవచ్చు. నా దృష్టిలో ఈ పథకం అసలు విలువ ఆదా అయ్యే లేబర్ ఛార్జీలో లేదు, ప్రతిసారీ తయారయ్యే జాబ్ కార్డులో ఉంది. వారంటీ కాలంలో మీ కారుకు ఏ లోపం కనిపించిందో, ఏ తేదీన, కిలోమీటర్ల మీటరులో ఎంత రీడింగ్ దగ్గర మీరు ఫిర్యాదు చేశారో చెప్పే కాగితం అదొక్కటే. వారంటీలో ఉండగా రాయించిన లోపం అప్పటికి సరికాక, గడువు ముగిశాక మళ్లీ బయటపడితే, అది పాత ఫిర్యాదే అని చూపగలుగుతారు. నోటితో చెప్పి వచ్చిన లోపానికి అలాంటి రక్షణ ఉండదు.

కాబట్టి ఫిర్యాదును రాయించే తీరు ముఖ్యం. ‘ముందు నుంచి శబ్దం వస్తోంది’ అని రాయిస్తే, మెకానిక్ వర్క్‌షాపు చుట్టూ ఒక చక్కరు కొట్టి ‘లోపం కనబడలేదు’ అని రాసి పంపేస్తాడు. ‘ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసిన రెండు నిమిషాల లోపు, గతుకుల మీద, గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగంలో, ఎడమ ముందు చక్రం వైపు నుంచి టకటకమనే శబ్దం’ అని రాయిస్తే, అతనికి వెతకడానికి ఒక దారి దొరుకుతుంది. వీలైతే ఫోనులో ఆ శబ్దాన్ని రికార్డు చేసి తీసుకెళ్లండి, కారులో మీ పక్కన మెకానిక్‌ను కూర్చోబెట్టుకొని మీరే నడిపి చూపించండి. ‘ఈ మోడల్‌లో ఇది మామూలే’ అని అడ్వైజర్ అంటే, ఆ మాటనే జాబ్ కార్డులో రాసివ్వమనండి. నిజంగా మామూలైతే రాసివ్వడానికి ఆయనకు అభ్యంతరం ఉండదు.

డీలరు దగ్గర దొరికేది మరొకటి ఉంది. కంపెనీ గుర్తించిన లోపాల సవరణలు, కంప్యూటర్ ప్రోగ్రాముల మార్పులు, రీకాల్ పనులు కారుకున్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు ప్రకారం వారి తెర మీద కనబడతాయి. తకాటా అనే కంపెనీ తయారు చేసిన ఎయిర్‌బ్యాగుల వ్యవహారం మీకు గుర్తుండవచ్చు. గాలి నింపే పరికరంలోని రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ వేడికి, తేమకు పాడై, ప్రమాద సమయంలో లోహపు ముక్కలను ప్రయాణికుల మీదికి చిమ్మే స్థితికి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా అనేక కంపెనీల కార్లను కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిపించి, ఉచితంగా మార్చవలసి వచ్చింది. డీలరుతో సంబంధం తెగిపోయి, చిరునామా మారి, అలాంటి ఉత్తరం అందని యజమానులు ఎందరో ఉన్నారు. ప్రతి ఉచిత సర్వీసుకూ వెళ్లినప్పుడు ‘నా కారు మీద పెండింగ్‌లో రీకాల్ గానీ, అప్‌డేట్ గానీ ఉందా?’ అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబును జాబ్ కార్డులో రాయించండి.

బయట చేయిస్తే వారంటీ పోతుందన్న షోరూమ్ మాట సగం నిజం. ఈ విషయంలో ఒక్కో దేశపు చట్టం ఒక్కో తీరుగా ఉంటుంది. ఉదాహరణకు అమెరికాలో 1975లో చేసిన వారంటీ చట్టం, తమ బ్రాండు విడిభాగమో తమ సర్వీసో వాడితేనే వారంటీ చెల్లుతుందని షరతు పెట్టడాన్ని నిషేధించింది. అయితే వారంటీ కింద ఆ వస్తువునో సర్వీసునో ఉచితంగా ఇస్తే ఆ నిషేధం వర్తించదు. ఐరోపా సమాఖ్య 2010 నాటి నిబంధనలూ బయటి వర్క్‌షాపులకు చోటిచ్చే దారిలోనే నడుస్తాయి. కానీ మీ ప్రశ్నకు సంబంధించి అసలు మెలిక ఆ ‘ఉచితంగా ఇస్తే’ అన్న చోటే ఉంది. కంపెనీ ఖర్చుతో చేస్తామన్న తనిఖీని వదిలేసి, రేపు ఇంజన్ లోపం గురించి క్లెయిమ్ పెట్టినప్పుడు, ‘పిలిచినా రాలేదు’ అని వారు అనే అవకాశాన్ని మనమే ఇచ్చినట్టవుతుంది. కొన్ని వారంటీ పుస్తకాల్లో ఉచిత సర్వీసులన్నీ అధీకృత కేంద్రంలోనే జరగాలన్న షరతు స్పష్టంగా ఉంటుంది. మీ పుస్తకంలో ఆ వాక్యం ఉందో లేదో చూడండి. ఆ వాక్యం లేకపోయినా, ఉచితంగా వస్తున్న పని కోసం ఆ ప్రమాదం నెత్తికెత్తుకోవడం నాకు ఇష్టం లేదు.

మీ మెకానిక్‌ను వదులుకోమని మాత్రం నేను చెప్పను. పదహారేళ్లు ఒక కారును నడిపించిన చేయి తేలికగా దొరకదు, అలాంటి మనిషి నొచ్చుకుంటాడేమో అన్న సంకోచం మీ ఉత్తరంలో రాయకపోయినా నాకు కనబడింది. అతనికి విషయం సూటిగా చెప్పండి; వారంటీ సంగతి అతనికి తెలియనిది కాదు. సర్వీసు నుంచి తిరిగి వచ్చిన మరునాడు కారును ఒకసారి అతనికి చూపించండి. నాకు ఒకసారి ఇలాగే మేలు జరిగింది. ఉచిత సర్వీసు చేయించిన రెండో రోజు ఉదయం కారు కింద అరచేయంత ఆయిల్ మరక కనబడితే, తెలిసిన మెకానిక్ కిందికి చూసి, ఆయిల్ వదిలే బోల్టుకు కొత్త వాషర్ వేయలేదని నిమిషంలో చెప్పాడు. అతను దాన్ని ముట్టుకోలేదు. ఫోటో తీయించి, ఆయిల్ మట్టం సరిగా ఉందని చూసి, అదే డీలరు దగ్గరకు పంపాడు. వారు మారు మాట్లాడకుండా సరిచేశారు. ఆ తరువాత నుంచి సర్వీసు అయిన మరునాడు నేల మీద మరకలు చూడడం, చదునైన చోట కారు ఆపి, ఇంజన్ కట్టేసిన కొన్ని నిమిషాల తరువాత ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ అయిన డిప్‌స్టిక్ చూడడం నాకు అలవాటైంది. ఆయిల్ తక్కువ ఉండడం ఎంత చెడ్డదో, పై గీత దాటి ఉండడమూ అంతే చెడ్డది. ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది.

ఇందాక చెప్పిన మధ్యంతర ఆయిల్ మార్పును కూడా, పుస్తకంలో చెప్పిన రకమే వేసి, తేదీ, రీడింగ్, ఆయిల్ రకం ఉన్న బిల్లు ఇవ్వగలిగితే, మీ మెకానిక్ చేతనే చేయించవచ్చు. అతని చేత చేయించకూడనిది మాత్రం ఒకటుంది. వారంటీ ఉన్నంత కాలం అదనపు లైట్లు, హారన్లు, రివర్స్ కెమెరాల కోసం వైర్లు కోసి అతికించే పని ఎవరి దగ్గరా చేయించకండి. విద్యుత్ సంబంధమైన క్లెయిములను తిరస్కరించడానికి కంపెనీలకు అతికిన వైరు కన్నా మంచి సాకు దొరకదు.

కారు అప్పగించే రోజు పెద్దగా చేయవలసింది లేదు. రీడింగ్, పెట్రోలు ముల్లు కలిసి కనబడేలా ఒక ఫోటో, నాలుగు వైపుల నుంచి బయటి ఫోటోలు తీసుకోండి, విలువైన వస్తువులు తీసేయండి. టైర్లను ముందు వెనుకలుగా మారుస్తామన్నారా, ఒక టైరు లోపలి అంచున సుద్దతో చిన్న గుర్తు పెట్టండి. తిరిగి వచ్చేసరికి అది ఎక్కడుందో చూస్తే పని జరిగిందో లేదో తెలుస్తుంది. పాత ఫిల్టర్లను డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. వారాంతపు రద్దీలో కాక, వారం మధ్యలో ఉదయం వేళకు అపాయింట్‌మెంట్ తీసుకుంటే పని నిదానంగా జరుగుతుంది.

మీకు మిగిలిన సర్వీసుల్లో అన్నింటికన్నా శ్రద్ధగా వెళ్లవలసింది వారంటీ ముగియడానికి ముందు వచ్చేదానికి. గడువుకు నెల రోజుల ముందే వెళ్లండి, చివరి వారం వరకు ఆగితే విడిభాగం రావడానికే సమయం చాలదు. ఆ వెళ్లే ముందు కారును మీ మెకానిక్‌కు ఒక పూట అప్పగించి, అతని రుసుము అతనికి ఇచ్చి, అడుగు భాగం, షాక్ అబ్జార్బర్ల దగ్గర ఆయిల్ చెమ్మ, ఇరుసు చివర రబ్బరు తొడుగులు, గేర్‌బాక్స్ అతుకులు, బ్యాటరీ, కూలంట్ మట్టం, తలుపుల రబ్బర్లు, కిటికీ మోటార్లు అన్నీ చూడమనండి. అతను కనిపెట్టిన ప్రతిదాన్నీ కాగితం మీద రాసుకొని, డీలరు దగ్గర జాబ్ కార్డులో ఒక్కటీ వదలకుండా ఎక్కించండి. కారును లిఫ్టు మీదికి ఎత్తినప్పుడు మీరూ దగ్గర నిలబడి చూస్తామని అడగండి. చాలా చోట్ల కాదనరు. డబ్బు కట్టి మీరు చేయించుకోవలసిన మరమ్మతు, కంపెనీ ఖర్చుతో జరగవలసిన మరమ్మతు వేరుపడేది ఈ ఒక్క రాకలోనే.

ఇక మూడేళ్ల పథకం. కౌంటరు దగ్గర నిలబడి దానికి సంతకం చేయకండి. రాబోయే మూడేళ్లలో మీ కారుకు పట్టిక ప్రకారం వచ్చే సర్వీసులు ఏవో, ఒక్కొక్క దానికి ఈ రోజు రేట్ల ప్రకారం లేబర్, విడిభాగాలు కలిపి ఎంత అవుతుందో రాతపూర్వకంగా ఇవ్వమని అడిగి, దాన్ని ఇంటికి తెచ్చుకొని పథకం ధరతో పోల్చండి. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, బ్యాటరీ, క్లచ్ వంటి అరిగే భాగాలు అందులో ఉన్నాయా, హామీ కంపెనీదా డీలరుదా, వేరే ఊరికి మారితే చెల్లుతుందా, కారు అమ్మితే కొన్నవారికి బదిలీ అవుతుందా, ప్రమాదంలో కారు పూర్తిగా పోతే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా అన్నవి కూడా చూసుకోండి. కారు కొన్న అప్పులోనే దీన్ని కలుపుతామంటే, ఆ మొత్తం మీద మీరు వడ్డీ కూడా కడతారు. మీకు ఉచిత సర్వీసులు ఇంకా ఏడాది పాటు ఉన్నాయి కనుక ఈ రోజే తేల్చుకోవలసిన తొందర ఏమీ లేదు. చివరి ఉచిత సర్వీసు అయ్యేసరికి ఆ వర్క్‌షాపు పని ఎలాంటిదో మీకే తెలిసి ఉంటుంది, అప్పుడు అడిగినా వారు పథకం అమ్మకుండా ఉండరు.